ప్రభల తీర్థం టేపులు: ఒక డీఇంటర్‌లేసింగ్ కేసు

పాత క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించి, బాగుచేసి ఇచ్చే పని నాది. అమలాపురం చుట్టుపక్కల పెళ్ళిళ్ళు, ఉపనయనాలు, తీర్థాలు తీసిన టేపులే ఎక్కువగా వస్తుంటాయి. వాటిల్లో ఈ ఒక్క కేసుని పూర్తిగా రాయడానికి కారణం ఉంది. ఇంటర్‌లేస్డ్ వీడియోకి, అంటే ఒక్కో బొమ్మనీ రెండు సగాలుగా దాచే పాత వీడియోకి, జరగగలిగిన అన్యాయాలన్నీ దాదాపుగా ఈ ఒక్క కుటుంబం వీడియోలోనే కనిపించాయి. డీఇంటర్‌లేసింగ్ (ఆ సగాల నుంచి పూర్తి బొమ్మలు తయారుచేయడం) అనగానే అందరూ "ఏ ఫిల్టర్ మంచిది?" అనే అడుగుతారు. ఫిల్టర్ సంగతి చాలా తర్వాత వస్తుంది. ముందు మన చేతిలో ఉన్నది అసలు ఏమిటో తేల్చుకోవాలి, ఈ కేసులో సగానికి పైగా పని అదే.

ఊరి పేరు, ఇంటి పేరు, తీసిన సంవత్సరం చెప్పను. సంక్రాంతి రోజుల్లో కోనసీమలో చాలా ఊళ్ళల్లో ప్రభల తీర్థాలు జరుగుతాయి, వెదురుతో కట్టిన పెద్ద ప్రభలని భుజాల మీద మోసుకెళ్తారు, అంబాజీపేట దగ్గర జగ్గన్నతోట తీర్థం అందరికీ తెలిసిందే. ఇది అది కాదు, ఇంకా చిన్న తీర్థం.

వాళ్ళు తెచ్చింది, అడిగింది

వచ్చినాయన ఇంటికి పెద్దబ్బాయి, ఉద్యోగం వేరే ఊళ్ళో. తండ్రి ఏటా ప్రభ మోసేవారట, పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం రోజున బంధువులందరూ వస్తారు కాబట్టి షామియానాలో ఎల్ఈడీ స్క్రీన్ పెట్టి ఆ పాత తీర్థం వీడియో వేద్దామనుకున్నారు. ఒక పెన్‌డ్రైవ్, ఒక డీవీడీ తెచ్చారు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది కొన్నేళ్ళ కిందట ఎవరో షాపులో టేపుల నుంచి మార్పించిన ఎంపీ4 ఫైలు. డీవీడీ మాత్రం తీర్థం జరిగిన కొత్తల్లోనే వీడియో తీసినతను ఎడిటింగ్ చేసి ఇచ్చింది.

"నాన్నగారు ప్రభ కింద భుజం పెట్టి నడుస్తున్నారండి ఇందులో. ఆయన మొహం ఒక్కసారైనా నిలకడగా కనపడాలండి. పెద్ద టీవీలో వేస్తే మొహం మీద అన్నీ గీతలే" అన్నారు.

"టేపులు ఉన్నాయా అండి?"

"ఆయ్, అటక మీద ఉండాలండి. అయినా అవన్నీ ఇందులోకి ఎక్కించేశారు కదండీ, మళ్ళీ అవెందుకండి?"

ఈ ప్రశ్న దాదాపు ప్రతి ఒక్కరూ అడుగుతారు, అందుకే దాని జవాబు కొంచెం వివరంగా చెప్పాలి.

మన దగ్గర పాత టీవీ అంతా పాల్ పద్ధతి, 625 లైన్లు, అందులో బొమ్మ ఉండేది 576 లైన్లలో. సెకనుకి 25 ఫ్రేములు అంటాం గానీ పాత కామ్‌కార్డర్ 25 ఫొటోలు తీయదు, 50 సగం ఫొటోలు తీస్తుంది. ఒకసారి సరి లైన్లు, ఒకసారి బేసి లైన్లు. ఒక్కో సగాన్ని ఫీల్డ్ అంటాం, ఒక్కో ఫీల్డ్‌లో 288 లైన్లు. రెండు ఫీల్డ్‌లనీ కలిపి ఒక ఫ్రేముగా దాచుకుంటారు, కానీ అవి రెండూ ఒకే క్షణానివి కావు, మధ్యలో సెకనులో 50వ వంతు తేడా ఉంది. కదలని గోడ అయితే ఏ గొడవా లేదు. మనిషి నడుస్తుంటే మాత్రం ఆ కాస్త వ్యవధిలోనే పక్కకి జరిగిపోతాడు, రెండు ఫీల్డ్‌లనీ ఒకేసారి చూపిస్తే అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి గీతలు వస్తాయి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలు ఒక ఫీల్డ్ తర్వాత ఒక ఫీల్డ్ గీసేవి కాబట్టి ఆ రోజుల్లో ఎవరికీ ఇది కనిపించలేదు. ఇప్పటి తెరలు మొత్తం బొమ్మని ఒకేసారి చూపిస్తాయి.

కాబట్టి ఫ్రేములో ఏ లైను ఏ క్షణానిదో చెప్పే సమాచారం అంతా ఆ లైను వరసలోనే ఉంటుంది. ఆ వరస చెదరనంత వరకు ఎంత పాత వీడియో అయినా బాగుచేయొచ్చు. ఒకసారి చెదిరిందా, ఇక ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా విడదీయలేదు.

ఫైలు ఏం చెప్పింది

పెన్‌డ్రైవ్‌లోని ఫైలు 1280 బై 720, సెకనుకి 25 ఫ్రేములు, ప్రోగ్రెసివ్ (సగాలు కాదు, పూర్తి బొమ్మలు) అని రాసి ఉంది. మినీ డీవీ టేపులో, అంటే ఆ కామ్‌కార్డర్ల చిన్న డిజిటల్ క్యాసెట్‌లో, ఉండేది 720 బై 576. అంటే ఎవరో దాన్ని సాగదీశారు, అడ్డంగా కూడా లాగేశారు. ప్రభ పొట్టిగా, మనుషులు లావుగా కనిపిస్తున్నది అందుకే. అది చిన్న సమస్య, నిష్పత్తి మార్చుకుంటే పోతుంది. అసలు అనుమానం నిలువు కొలత మీద. 576 ని 720 చేశారంటే ప్రతి 4 లైన్లనీ 5 లైన్లుగా కొత్తగా గీశారన్నమాట. అది డీఇంటర్‌లేస్ చేశాక చేశారా, చేయకుండానే చేశారా?

ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాను. సరైన ఇంటర్‌లేస్డ్ ఫ్రేములో గీతలు ఒక పిక్సెల్ మందాన, ఒకటి విడిచి ఒకటి, కచ్చితంగా ఉంటాయి. ఇక్కడ కొన్ని లావు, కొన్ని సన్నం, కొన్ని మసక. చొక్కా అంచు దగ్గర పెద్దది చేసి చూస్తే రెండు గీతలు స్పష్టంగా, తర్వాతి మూడు బూడిదగా, మళ్ళీ రెండు స్పష్టంగా, ఇలా నడుస్తోంది. డీఇంటర్‌లేస్ చేయకుండానే పెద్దది చేశారనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. సరి లైన్లు, బేసి లైన్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

ఇలాంటి చోట టూల్స్‌ని గుడ్డిగా నమ్మకూడదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో సాఫ్ట్‌వేర్‌లో ఐడెట్ అని ఒక ఫిల్టర్ ఉంది, వీడియో ఇంటర్‌లేస్డా కాదా, ఏ ఫీల్డ్ ముందు అన్నది లెక్కకట్టి చెబుతుంది. మంచి టూలే, నేను రోజూ వాడతాను. ఈ ఫైలు మీద నడిపితే ఎక్కువ ఫ్రేములు ప్రోగ్రెసివ్ అనో, తేల్చలేననో చెప్పింది. అది వెతికేది ఒక లైను విడిచి ఒక లైను వచ్చే తేడాని, పెద్దది చేశాక ఆ తేడా అలా మిగలదు. కంటికి గీతలు కనిపిస్తున్నా టూల్ లేవంటోందంటే, వీడియో బాగుందని కాదు, పాడైన తర్వాత మన చేతికి వచ్చిందని అర్థం.

మధ్యలో కొంత భాగంలో గీతలు లేవు, వాటి బదులు జంట నీడలు. ఊగే గంట ఒకటి కాదు, రెండు, రెండూ సగం పారదర్శకం. ఇది బ్లెండ్ పద్ధతి, రెండు ఫీల్డ్‌లనీ సగం సగం కలిపేయడం. గీతలు పోతాయి నిజమే గానీ రెండు క్షణాలు ఒకే బొమ్మలో ఇరుక్కుపోతాయి, కదిలే ప్రతిదానికీ ఒక దెయ్యం తయారవుతుంది. త్వరగా అయిపోతుందని చాలామంది వాడేవారు.

డీవీడీ సంగతి వేరు. అది 576 లైన్లలోనే ఉంది, ఎవరూ సాగదీయలేదు. కానీ టీవీలో వేస్తే మనుషులు వణుకుతూ నడుస్తున్నారు. డీవీడీ వీడియోలో టాప్ ఫీల్డ్ (అన్నిటికంటే పై లైను ఉన్న సగం) ముందు అని రాసి ఉంది. ఫీల్డ్‌లని విడదీసి, ఆ రాసిన వరసలోనే ఒక్కొక్కటీ ముందుకి జరుపుతూ ఒక మనిషి మోచేతిని చూశాను. ఒకడుగు వెనక్కి, మూడడుగులు ముందుకి, మళ్ళీ ఒకడుగు వెనక్కి. వరస తిరగేశాను, చేయి సాఫీగా కదిలింది. ఎందుకిలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. డీవీ టేపులో బాటమ్ ఫీల్డ్, అంటే రెండో సగం, ముందు ఉంటుంది, డీవీడీకి ఎక్కించేటప్పుడు ఎడిటింగ్ ప్రోగ్రాంలో టాప్ ముందు అన్న సెట్టింగ్ పెట్టి ఉంటే లైన్లు అలాగే ఉండి లేబుల్ మాత్రమే మారుతుంది. బొమ్మకి ఏమీ కాలేదు, చిరునామా తప్పు. ఇలాంటివి చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది, ఎందుకంటే ఇది పూర్తిగా బాగయ్యే జబ్బు.

చేసి చూసినవి, పనికిరానివి

ఎంపీ4 ఫైలుని తిరిగి 576 కి తగ్గించి, ఆ తర్వాత ఫీల్డ్‌లు విడదీస్తే వస్తాయా అని చూశాను. లెక్క ప్రకారం పెద్దది చేసిన పద్ధతి కచ్చితంగా తెలిస్తే, ఆ తర్వాత కంప్రెషన్ లేకపోతే కొంత వెనక్కి తీయొచ్చు. ఇక్కడ రెండూ లేవు. ఎంపీ4 కంప్రెషన్ ఆ సన్నని గీతలనే ముందు తినేస్తుంది. అక్కడక్కడా తగ్గినట్టు అనిపించినా మొహం మీదకి వచ్చేసరికి ముక్కలు ముక్కలుగా ఉంది, వదిలేశాను.

ఈలోపు వాళ్ళ మేనల్లుడు ఫోన్లో ఏదో ఏఐ యాప్‌లో వేసి పెద్దది చేసి పంపించాడు. కుర్రాడు ప్రేమతోనే చేశాడు. ఆ యాప్‌కి గీతలు తప్పు అని తెలియదు కదా, అవి కూడా బొమ్మలో వివరాలే అనుకుని ఇంకా పదును పెట్టింది. తండ్రి చెంప మీద మసకగా ఉన్న గీతలు కాస్తా చెక్కినట్టు నల్లగా తేలాయి. ఇంటర్‌లేసింగ్ తీయకుండా అప్‌స్కేల్, స్టెబిలైజ్, షార్ప్ ఏది చేసినా ఇదే జరుగుతుంది. స్టెబిలైజ్ చేస్తే బొమ్మని కొంచెం పైకి, కొంచెం కిందకి జరుపుతారు కాబట్టి మళ్ళీ సరి బేసి లైన్లు కలిసిపోతాయి, అసలుకే ఎసరు. అందుకే నా దగ్గర వరస మారదు. మొదట డీఇంటర్‌లేస్, తక్కినవన్నీ దాని తర్వాతే.

ఇక టేపులు కావాల్సిందే అని గట్టిగా చెప్పాను. ఆయనకి నమ్మకం కలగడానికి ఫైలులోని ఒక ఫ్రేమునీ, డీవీడీలో దాదాపు అదే చోట ఉన్న ఫ్రేమునీ పక్కపక్కన పెట్టి చూపించాను. డీవీడీ బొమ్మని విడదీస్తే చేయి ఒక్కటే కనిపించింది, ఫైలులోది ఎంత చేసినా మూడు చేతులు. అప్పుడు ఊరికి ఫోన్ చేసి అటక దింపించారు.

టేపులు

టేపులు దొరికాయి, కానీ ఒకదాని మీద పుట్టినరోజు వేడుక తీసేశారు, కాబట్టి కాలువ దాటే ముందు జరిగిన కొంత భాగానికి డీవీడీ ఒక్కటే దిక్కు. ఇంకొకదానికి అంచుల్లో తెల్లగా బూజు. మన డెల్టా గాలిలో తేమకి ఇది మామూలే, ముఖ్యంగా పెంకుటింటి అటకల మీద వానాకాలాలు గడిపిన టేపులకి. బూజు టేపుని మంచి మెషీన్లో పెడితే టేపుని చదివే హెడ్‌కి అంటుకుంటుంది, అక్కణ్నుంచి తర్వాత పెట్టే ప్రతి టేపుకీ పాకుతుంది. దానికోసం విడిగా ఉంచిన పాత కెమెరాలోనే, ముందు పొడిగా శుభ్రం చేసి, హెడ్ తుడుచుకుంటూ నడిపాను. అక్కడక్కడా చదరపు ముక్కలుగా బొమ్మ ఎగిరింది, మొహం ఉన్న షాట్‌లో మాత్రం ఏమీ పోలేదు.

కంప్యూటర్లోకి ఎక్కించడం ఫైర్‌వైర్ ద్వారానే, కెమెరాని కంప్యూటర్‌కి కలిపే పాత డిజిటల్ వైరు అది. పసుపు ఎరుపు తెలుపు వైర్లు యూఎస్‌బీ డబ్బాకి పెట్టి ఎక్కించడం సులువే, కానీ అలా చేస్తే డిజిటల్ టేపుని అనలాగ్ చేసి మళ్ళీ డిజిటల్ చేస్తున్నట్టు, మధ్యలో ఆ డబ్బా ఏం చేస్తుందో మన చేతిలో ఉండదు. ఫైర్‌వైర్ అయితే టేపు మీద ఉన్న అంకెలే యథాతథంగా హార్డ్ డిస్క్‌లోకి వస్తాయి. గంటకి దాదాపు 13 జీబీ అవుతుంది. ఈ రోజుల్లో అది లెక్కలోకి రాదు, కానీ ఫైర్‌వైర్ పోర్టు ఉన్న పాత డెస్క్‌టాప్‌ని బతికించుకోవడం మాత్రం లెక్కలోకి వస్తుంది. ల్యాప్‌టాపులు కొన్నప్పుడల్లా ఇంట్లోవాళ్ళు దాన్ని పారేద్దామంటారు, నేను ఒప్పుకోను.

ఫిల్టర్ ఎంచుకోవడం

ఇప్పుడు చేతిలో ఉన్నది నిఖార్సయిన డీవీ, బాటమ్ ఫీల్డ్ ముందు, 576 లైన్లు. ఇక్కడికి వచ్చాక గానీ ఏ పద్ధతి అన్న చర్చకి అర్థం లేదు. పరీక్షకి మూడు షాట్లు తీసుకున్నాను: ప్రభ మొత్తం కనిపించే దూరపు షాట్, పంటకాలువలో దిగి మోసుకెళ్ళే షాట్, తండ్రి మొహం దగ్గరగా ఉన్న షాట్. మూడూ మూడు రకాల కష్టం పెడతాయి.

ప్రభ ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు. వెదురు దబ్బలతో కట్టిన పెద్ద చట్రం, దానికి రంగురంగుల బట్టలు, నూలుదారాలు, గంటలు, నెమలి ఈకలు. అడ్డంగా, ఏటవాలుగా వందలకొద్దీ సన్నని గీతలు, పైగా మోసేవాళ్ళ అడుగులకి మొత్తం ఊగుతుంటుంది. డీఇంటర్‌లేసర్‌కి ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు.

ఒక ఫీల్డ్ పారేసి, మిగిలిన 288 లైన్లని సాగదీయడం అన్నింటికంటే తేలిక. వెదురు దబ్బలన్నీ మెట్లు మెట్లుగా విరిగాయి. మొహంలో కనురెప్పలు పోయాయి. ఇక దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

యాడిఫ్ చాలామంది వాడే ఫిల్టర్. కదలని చోట రెండు ఫీల్డ్‌లనీ కలిపి ఉంచుతుంది, కదిలిన చోట మాత్రం చుట్టుపక్కల లైన్లు చూసి, ముందు వెనక ఫీల్డ్‌లు చూసి లేని లైనుని అంచనా వేస్తుంది. సెకనుకి 25 ఫ్రేములు వచ్చేలా పెడితే ఆపి చూసిన ప్రతి ఫ్రేమూ బావుంది. నడిపితే మాత్రం ప్రాణం పోయింది. 50 క్షణాల్లో 25 పారేశాం కదా, ప్రభ లేచే ఊపు కుదుపుగా మారింది. టేపు చూసిన పెద్దవాళ్ళు "ఆ రోజుల్లో టీవీలో సాఫీగా ఉండేదండి" అంటే అది ఊరికే పాత రోజుల మీద మమకారం కాదు, వాళ్ళు నిజంగానే సెకనుకి 50 కదలికలు చూశారు. అప్పుడే నిర్ణయించుకున్నాను, ఇచ్చేది 50 ఫ్రేముల్లోనే. సినిమా లుక్ కావాలంటే 25 చాలు అని కొందరంటారు, పెళ్ళి పాటకి సరే, జరిగినది జరిగినట్టు చూడాల్సిన వీడియోకి నేను ఒప్పుకోను.

యాడిఫ్‌నే ప్రతి ఫీల్డ్‌కీ ఒక ఫ్రేము వచ్చేలా పెట్టాను. కదలిక తిరిగొచ్చింది, కొత్త తలనొప్పి కూడా వచ్చింది. అడ్డ దబ్బలు సన్నగా మిణుకుతున్నాయి. కారణం ఏమిటంటే ఒక ఫ్రేములో సరి లైన్లు నిజమైనవి, బేసి లైన్లు అంచనా, తర్వాతి ఫ్రేములో అది తిరగబడుతుంది. ఒక లైను మందాన ఉన్న దబ్బ ఒక ఫీల్డ్‌లో ఉంటుంది, ఇంకొక ఫీల్డ్‌లో అసలు ఉండదు. అది సెకనుకి 25 సార్లు వచ్చి పోతుంది. బీడబ్ల్యూడిఫ్ కొంచెం మెరుగు, బీబీసీ పరిశోధన విభాగం నుంచి వచ్చిన పాత పద్ధతిని యాడిఫ్‌తో జోడించి చేసింది అది. మిణుకు తగ్గింది, పోలేదు.

అప్పుడు క్యూటీజీఎంసీ. ఇది ఏవీసింత్, వేపర్‌సింత్ అనే వీడియో ప్రోగ్రాంలలో నడిచే స్క్రిప్టు. చుట్టుపక్కల ఫ్రేముల్లో ఆ వస్తువు ఎక్కడికి కదిలిందో వెతికి, అక్కణ్నుంచి సమాచారం తెచ్చి లేని లైన్లు నింపుతుంది, మిణుకుని కాలం వెంట సవరిస్తుంది. నెమ్మది, చాలా నెమ్మది. దూరపు షాట్ మీద ఫలితం చూసి నాకు నిజంగా సంతోషం వేసింది. దబ్బలు నిలబడ్డాయి, గంటలకి అంచులు వచ్చాయి, దారాలు విడివిడిగా ఊగుతున్నాయి. అంతా ఇలాగే చేసేద్దాం అనిపించే ఘడియ అది.

అదే సెట్టింగ్ కాలువ షాట్ మీద ఓడిపోయింది. పదుల మంది నడుములోతు నీళ్ళలో అడుగులేస్తుంటే చిమ్మే చుక్కలు ఏ దిక్కుకీ కుదురుగా వెళ్ళవు, ఒక ఫ్రేములో ఉన్న చుక్క తర్వాతి ఫ్రేములో ఉండదు. కదలిక వెతికే పద్ధతికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు, దొరకనప్పుడు నున్నగా చేసేస్తుంది. నీళ్ళు నిద్రపోతున్నట్టు అయిపోయాయి, చిమ్మడం పోయింది, ఆ బరువు పోయింది. ఆ షాట్‌లో చూడాల్సిందే ఆ బరువు. పైన ప్రభకి మాత్రం క్యూటీజీఎంసీయే బావుంది. ఏం చేశానంటే, రెండు ఫిల్టర్లతోనూ విడివిడిగా 50 ఫ్రేముల వీడియోలు తీసి, పైది క్యూటీజీఎంసీ, కింద నీళ్ళ భాగం బీడబ్ల్యూడిఫ్, రెండూ కలిసే చోట అతుకు కనపడకుండా మెత్తటి మాస్క్. ఫీల్డ్ వరస రెండింటికీ ఒకటే ఇచ్చాను కాబట్టి ఫ్రేముకి ఫ్రేము కచ్చితంగా సరిపోయాయి. నీళ్ళలో మిణుకు ఉంటే ఎవరికీ తెలియదు, నీళ్ళు మిణుకుతూనే ఉంటాయి.

మొహం షాట్‌కి ఎక్కువ సమయం పట్టింది. నుదుట కుంకుమ, భుజం మీద మడిచిన తువ్వాలు, దాని మీద బొంగు, చెమట. కెమెరా ఆయనతో పాటే నడుస్తోంది. క్యూటీజీఎంసీ మామూలు సెట్టింగ్‌లో గింజ (బొమ్మ మీద కదిలే సన్నని చుక్కలు) తగ్గించి చర్మం నున్నగా చేస్తుంది. గడ్డం మీద తెల్ల వెంట్రుకలు మాయమయ్యాయి. ఫలితాన్ని అసలు బొమ్మకి దగ్గరగా ఉంచే సోర్స్‌మ్యాచ్ సెట్టింగ్ పెంచి, గింజని ఉంచే ఆప్షన్ ఆన్ చేశాను. కొంచెం మిణుకు తిరిగొచ్చింది, వెంట్రుకలూ తిరిగొచ్చాయి. ఇక్కడ నాకు సందేహం లేదు, ఆయన్ని చూడటానికే ఆ వీడియో వేస్తున్నారు, కాస్త మిణుకుతో ఆయనే కనిపించాలి గానీ నున్నటి ఇంకెవరో కాదు. ఏఐతో మొహానికి పదును పెట్టమని అడిగారు, వద్దని చెప్పాను. చిన్న మొహానికి లేని వివరాలు అది సొంతంగా గీస్తుంది, కళ్ళు మెరుస్తాయి, కానీ అవి ఆయన కళ్ళు కావు.

అదే షాట్‌లో ఇంకో చిక్కు. పక్కన ఎవరో ఫొటో తీశారు, ఫ్లాష్ వెలిగింది. ఫ్లాష్ ఆయుష్షు చాలా తక్కువ కాబట్టి ఒక్క ఫీల్డ్‌లోనే పడింది. ఇంటర్‌లేస్డ్ ఫ్రేములో చూస్తే ఒక లైను తెలుపు, ఒక లైను మామూలు, తెర మొత్తం చారలు. క్యూటీజీఎంసీకి వెలుగు హఠాత్తుగా మారితే పొరుగు ఫ్రేములతో పోలిక కుదరదు, ఆ వెలుగు అటూ ఇటూ ఫ్రేముల్లోకి మచ్చలుగా కారింది. ఆ కాసిని ఫ్రేములూ బీడబ్ల్యూడిఫ్‌తో తీసి అతికించాను, ఫ్లాష్ ఒక్క ఫ్రేములోనే వెలిగి ఆరిపోయింది. తీసేయమంటారా అని అడిగితే "ఉంచండి, ఆ ఫొటో మా ఇంట్లో గోడకి ఉందండి" అన్నారు.

రంగు గురించి ఒక మాట. కుంకుమ చుట్టూ, ప్రభ మీది ఎర్ర బట్ట అంచుల్లో, గీతలన్నీ పోయాక కూడా ఎర్రటి చారలు మిగిలాయి. పాల్ డీవీలో రంగు సమాచారం నిలువునా సగమే ఉంటుంది, అది కూడా ఫీల్డ్‌కి ఫీల్డ్ విడిగా. ఎడిటింగ్ ప్రోగ్రాం దాన్ని ప్రోగ్రెసివ్ అనుకుని ఆర్‌జీబీకి (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పద్ధతికి) మారిస్తే రెండు క్షణాల రంగులు ముందే కలిసిపోతాయి, తర్వాత ఎంత మంచి డీఇంటర్‌లేసర్ పెట్టినా ఆ చార పోదు. అందుకని టేపు ఫైలుని ఎడిటింగ్ ప్రోగ్రాంలోకి తీసుకెళ్ళకముందే, అసలు రంగు పద్ధతిలో ఉండగానే డీఇంటర్‌లేస్ చేశాను. చార పోయింది. ఎరుపు మనవాళ్ళ వీడియోల్లో ఎక్కడ లేదు? చీరలు, కుంకుమ, పారాణి, ఈ తప్పు మన దగ్గర కనిపించినంతగా ఇంకెక్కడా కనిపించదేమో.

డీవీడీ భాగానికి ఫీల్డ్ వరస లేబుల్ సరిచేసి అదే దారిలో పంపించాను. పేర్లు పడే చోట్ల, సీను మారే ఎఫెక్ట్‌ల చోట ఫీల్డ్ వరస నిలకడగా లేదు, వాటిని విడివిడి ముక్కలుగా చూసుకోవాల్సి వచ్చింది. స్లోమోషన్ చేసిన ముక్క మాత్రం బాగుకాలేదు. అప్పట్లోనే రెండు ఫ్రేములు కలిపి స్లో చేశారు, జంట నీడలు అందులోనే కాలిపోయి ఉన్నాయి. అది బాగవదని వాళ్ళకి ముందే చెప్పి, అలాగే ఉంచాను.

తెర మీద వేయడం

కొలతని 4:3 లోనే ఉంచి 1440 బై 1080 కి పెంచాను, పక్కన నల్లగా వదిలేశాను. తెర నిండాలని అడ్డంగా లాగితే ప్రభ మళ్ళీ పొట్టిదవుతుంది. ఎల్ఈడీ పెట్టే కుర్రాళ్ళ ల్యాప్‌టాప్ అవుట్‌పుట్ 60 హెర్ట్జ్‌లో ఉంది, 50 ఫ్రేముల వీడియో అందులో వేస్తే కొన్ని ఫ్రేములు రెండుసార్లు పడి నడక తడబడుతుంది. ముందు రోజు సాయంత్రం వాళ్ళని పిలిపించి 50 కి మార్పించాను, వాళ్ళ కంట్రోలర్ తీసుకుంది. ఇంత చేసి చివర్లో ఆ ఒక్క సెట్టింగ్ వదిలేస్తే చేసినదంతా గోదాట్లో పోసినట్టే.

ఈ పని చేసేవాళ్ళకి

కస్టమర్ ఫైలు తెస్తే ఫైలు గురించి కాదు, అది దేని నుంచి వచ్చిందో అడగండి. టేపు ఎక్కడుంది, దాని మీద ఇంకేమైనా తీశారా, డీవీడీ ఎవరు చేశారు. లేబుల్ ఏం చెప్పినా ఫీల్డ్‌లు విడదీసి కదిలే చేయినో కాలినో చూసి వరస తేల్చుకోండి, అందుకు పట్టేది కాసేపే. గీతలు లావు సన్నం కలిసి ఉంటే ఫిల్టర్ల కోసం వెతకడం ఆపి మూలం కోసం వెతకండి. ఒకే సెట్టింగ్‌తో మొత్తం టేపు నడిపి ఇచ్చేయొద్దు, నీళ్ళు, పొగ, బాణసంచా, ఫ్లాష్ ఉన్న చోట్లు విడిగా చూడండి, కావాలంటే ఆ కాసేపటికి తక్కువ తెలివైన ఫిల్టరే వాడండి. డావిన్చీ రిజాల్వ్ స్టూడియో అనే ఎడిటింగ్ ప్రోగ్రాంలో ఉన్న డీఇంటర్‌లేస్ కూడా చాలా షాట్లకి సరిపోతుంది, స్క్రిప్టులంటే టెన్షన్ పడేవాళ్ళు దానితో మొదలుపెట్టొచ్చు, ఫీల్డ్ వరస మాత్రం మీరే చూసి పెట్టాలి.

వాళ్ళకి హార్డ్ డిస్క్‌లో రెండు ఫోల్డర్లు ఇచ్చాను. ఒకదాంట్లో చూసుకోవడానికి 50 ఫ్రేముల వీడియో. రెండోదాంట్లో టేపు నుంచి వచ్చిన డీవీ ఫైళ్ళు, ఏమీ మార్చకుండా, గీతలతో సహా. దాని పక్కనే తెలుగులో చిన్న టెక్స్ట్ ఫైలు: పాల్, 720 బై 576, బాటమ్ ఫీల్డ్ ముందు, 4:3, ఇందులో కనిపించే గీతలు తప్పు కాదు, దయచేసి వీటిని చెరపొద్దు, పెద్దది చేయొద్దు, ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే ఈ ఫైళ్ళే ఇవ్వండి.